నాన్నతో దోఆయి స్టేషన్‌లో 486 మెట్లు

బుల్లెట్ రైళ్లూ టోక్యో స్టేషనూ కాకుండా జపాన్‌లో తప్పక చూడవలసిన చిన్న స్టేషన్ ఏది అని అడిగారు. దోఆయి. రెండో పేరు చెప్పను. గున్మా రాష్ట్రంలో జోయెత్సు లైను మీద, తనిగావా కొండ పాదాల దగ్గర ఉంది. సిబ్బంది లేరు. రోజుకు ఒక్కో దిశలో ఆగేవి ఐదారు రైళ్లే. టోక్యో వైపు వెళ్లే అప్ ప్లాట్‌ఫారం నేల మీద, కొండగాలిలో ఉంటుంది. నీగాతా వైపు వెళ్లే డౌన్ ప్లాట్‌ఫారం దాదాపు 70 మీటర్ల లోతున, సొరంగంలో ఉంటుంది. రెండింటికీ పేరు ఒకటే, టికెట్ గేటు ఒకటే.

నేను ఆ రాష్ట్రంలోనే ఉద్యోగం చేస్తున్నాను. రెండేళ్ల క్రితం ఆగస్టులో నాన్న వచ్చారు. ఆయన కొత్తవలస–కిరండూల్ లైనులో గ్యాంగ్‌మన్‌గా చేసి రిటైరయ్యారు. అరకు దారిలోని సొరంగాల్లో లాంతరు పట్టుకుని నడిచిన మనిషి. అందరూ ఫూజీ పర్వతానికి తీసుకెళ్లమన్నారు. నేను దోఆయికి తీసుకెళ్లాను.

మినకామిలో రైలు మారాం. పది నిమిషాలైనా కాకముందే సొరంగం మధ్యలో రైలు ఆగింది. దిగింది మేమిద్దరమే. బయట మండే ఎండ, లోపల కోల్డ్ స్టోరేజీలో కాలు పెట్టినట్టు చలి. నాన్న భుజం మీది తువ్వాలు తీసి తలకు చుట్టుకున్నారు. రైలు వెళ్లిపోయాక కదలకుండా నిలబడి వింటున్నారు. ఎక్కడో నీళ్లు కారుతున్న చప్పుడు.

"ఈ ఊట నీరు ఎటు తీస్తున్నారమ్మా?" ఆయన అడిగిన మొదటి మాట అది. సొరంగంలో పని చేసినవాళ్లకే వచ్చే ప్రశ్న. తర్వాత ప్లాట్‌ఫారం అంచును, వెనక గోడను, పైకప్పు వెడల్పును మార్చి మార్చి చూశారు. "ఇది మొదట కట్టిన ప్లాట్‌ఫారం కాదు. ఇక్కడ ఇంకో లైను ఉండేది" అన్నారు. నేను నమ్మలేదు. ఇంటికి వచ్చి చదివితే ఆయన మాటే నిజం. ఒకప్పుడు అక్కడ ఎక్స్‌ప్రెస్‌లకు దారి ఇవ్వడానికి పక్క లైను ఉండేది. 2008లో దాన్ని తీసేసి ఆ చోటనే ఇప్పటి ప్లాట్‌ఫారం కట్టారు. దీన్ని 'దెయ్యాల స్టేషన్' అని వీడియోలు తీసేవాళ్లు వందల మంది ఉన్నారు. ఈ ఒక్క సంగతి గమనించినవాళ్లు ఎంతమంది? మెట్లు ఎన్ని నిమిషాల్లో పరుగెత్తి ఎక్కామన్నదే వాళ్లకు గొప్ప. నాకు ఒళ్లు మండుతుంది.

ఇక మెట్లు. తిన్నగా పైకి 462. కింద నిలబడి చూస్తే పై చివర ఒక చిన్న వెలుగు చుక్క. మెట్ల మీద అక్కడక్కడా అంకెలు వేశారు, మధ్యలో కూర్చోవడానికి బెంచీలు పెట్టారు. పక్కన ఎస్కలేటర్ కోసం వదిలిన చోటు ఖాళీగానే ఉంది. అందులోంచి ఊట నీరు పారుతోంది. ఇన్నేళ్లలో ఆ ఎస్కలేటర్ రాలేదు. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్ల సంగతేమిటని నేను విసుక్కుంటుంటే, నాన్న బెంచీ మీద కూర్చుని, అసలు ఇంత లోతున ఎందుకు కట్టారో చెప్పమన్నారు.

చెప్పాను. 1931లో ఈ కొండల కింద షిమిజు సొరంగం తెరిచారు. పొడవు 9.7 కిలోమీటర్లు, లైను ఒక్కటే. కొండ ఎక్కడానికి రైలు గుండ్రంగా చుట్టు తిరిగి వెళ్లేది. దోఆయి మొదట సిగ్నల్ కోసం పెట్టిన చోటు, 1936లో స్టేషన్ అయింది. రద్దీ పెరిగాక రెండో లైను కావలసి వచ్చింది. ఈసారి చుట్టు తిరగకుండా కొండ అడుగు నుంచే 13.5 కిలోమీటర్ల పొడవున కొత్త సొరంగం తవ్వారు. 1967లో డౌన్ రైళ్లన్నీ అందులోకి మారాయి. పైనున్న ఊరికి రైలు దక్కాలంటే కింద ప్లాట్‌ఫారం కట్టి మెట్లు వేయక తప్పలేదు. ఆ తర్వాత 1982లో బుల్లెట్ రైలు కోసం 22 కిలోమీటర్ల మూడో సొరంగం వచ్చింది. ఎక్స్‌ప్రెస్‌లు అటు వెళ్లిపోయాయి.

నాన్న మెట్ల పక్కనున్న ఇనుప కమ్మీ మీద చెయ్యి వేశారు. "మా లైను వేసిందే బైలదిల్లా ఇనుప రాయి విశాఖ రేవుకు చేర్చి జపాన్‌కు పంపడానికి. మన రాయి ఇక్కడిదాకా వచ్చిందేమో" అన్నారు. వచ్చే ఉంటుంది. ఆ మాట నేను పూర్తిగా నమ్ముతున్నాను.

462 అయ్యాక యుబిసో నది మీదుగా పొడవాటి నడవా, దాని చివర ఇంకో 24 మెట్లు. మొత్తం 486. అరగంట పట్టింది. మీరు వెళితే మాలాగే డౌన్ రైల్లో వెళ్లి దిగండి. పైనుంచి కింది రైలు అందుకోవాలంటే గేటు నుంచి పది నిమిషాలు నడవాలి. అది పోతే మళ్లీ గంటల తరబడి రైలు ఉండదు.

తిరుగు ప్రయాణం అప్ లైనులో, 1931 నాటి పాత దారిలో. రైలు కొంచెం కదలగానే కిటికీలోంచి చాలా లోతున యుబిసో స్టేషన్ పట్టాలు కనిపించాయి. మేము ఉదయం వచ్చిన లైను అదే. "అంత కిందికి ఎలా దిగుతుంది?" అన్నారు నాన్న. ఇంతలో రైలు సొరంగంలోకి దూరి కొండ లోపలే చుట్టు తిరగడం మొదలుపెట్టింది. నాన్న కళ్లు మూసుకుని, అరచెయ్యి కిటికీ అంచుకు ఆనించి, ఆ వంపు ఎంతో కొలుస్తున్నట్టు కూర్చున్నారు. వెలుగులోకి వచ్చేసరికి అవే పట్టాలు మా పక్కనే ఉన్నాయి.