కరిక్యులమ్ కమిటీలో మన మాట చెల్లుతుందా?

అమెరికాలో ఒక ప్రాంతంలోని ప్రభుత్వ స్కూళ్లని నడిపే స్కూల్ డిస్ట్రిక్టులు తల్లిదండ్రుల్నీ ఊళ్లోవాళ్లనీ పిలిచి పాఠాల మీద సలహా అడుగుతుంటాయి. ఈసారి వచ్చిన ప్రశ్నల్లో ఎక్కువ ఇలాంటి సలహా కమిటీల గురించే కాబట్టి అన్నిటికీ ఒకేచోట జవాబులు ఇస్తున్నాను.

మా డిస్ట్రిక్ట్ కరిక్యులమ్ సలహా కమిటీకి తల్లిదండ్రులు కావాలని మెయిల్ వచ్చింది. మావారేమో "ఫొటో కోసం పిలుస్తారు, నువ్వు చెబితే మారుస్తారా ఏంటి" అంటున్నారు. నేను టీచర్ని కాదు, ఇక్కడ చదువుకున్నదాన్నీ కాదు. చేరమంటారా? – ఒక పాఠకురాలు, టెక్సాస్

చేరండి. మీవారి అనుమానం ఉత్తదేమీ కాదు, ఆ కమిటీ సలహా మాత్రమే ఇస్తుంది, నిర్ణయం స్కూల్ బోర్డుది. అయినా చేరమనే అంటాను, ఎందుకంటే బోర్డు ముందుకు వచ్చేసరికి చాలావరకు విషయం తేలిపోయి ఉంటుంది.

పుస్తకం ఎంపికే తీసుకోండి. పబ్లిషర్ల నుంచి శాంపిల్స్ తెప్పిస్తారు, ఎక్కువగా టీచర్లు ఉండే బృందం వాటికి మార్కులు వేస్తుంది, రెండు మూడు మిగులుతాయి, చాలాచోట్ల వాటిని కొన్ని క్లాసుల్లో వాడి చూస్తారు, జనం చూడటానికి కొన్నాళ్లు ఉంచుతారు, ఆఖరికి బోర్డు ఓటేస్తుంది. మనవాళ్లు వచ్చేది ఆ ఓటు రోజున, రెండు మూడు నిమిషాల మైకు కోసం! పెళ్లయ్యాక జాతకాలు చూపించుకోవడమే అది. కమిటీలో ఉంటే శాంపిల్స్ బల్ల మీద ఉన్నప్పుడే మీరూ చూస్తారు, "ఇందులో లెక్క చేసి చూపించిన ఉదాహరణలు తక్కువగా ఉన్నాయి, ఇంట్లో పిల్లలు ఒంటరిగా చదువుకోలేరు" అని అప్పుడే చెప్పగలుగుతారు.

ఎవరి చేతిలో ఏముందో తెలుసుకుని వెళ్లండి, లేకపోతే సగం మీటింగులు వృథా. అమెరికా రాజ్యాంగంలో చదువు ఊసే లేదు, అది రాష్ట్రాల పని. కరిక్యులమ్ ఇలాగే ఉండాలని వాషింగ్టన్ ఆదేశించకూడదని 2015 నాటి ఎవ్రీ స్టూడెంట్ సక్సీడ్స్ యాక్ట్‌లోనూ ఉంది. ఏ తరగతికి ఏం రావాలో రాష్ట్రం చెబుతుంది, మీ టెక్సాస్‌లో వాటినే టీక్స్ అంటారు. అక్కడికి ఏ పుస్తకంతో, ఏ వరసలో, ఏ కోర్సులతో చేరాలన్నది డిస్ట్రిక్ట్ చూసుకుంటుంది, కమిటీ చేయి పెట్టగలిగేది ఇక్కడే. రాష్ట్ర పరీక్ష కష్టంగా ఉందనో, ఫలానా టీచర్ సరిగ్గా చెప్పడం లేదనో అక్కడ మాట్లాడితే మర్యాదగా వింటారు, అంతకుమించి ఏమీ జరగదు.

టీచర్ కాదన్న బెంగ వద్దు, ఆ గదిలో టీచర్లు ఎలాగూ ఉంటారు. రాత్రి హోంవర్కు దగ్గర పిల్ల ఎక్కడ ఆగిపోతోందో, అన్నీ స్క్రీన్ మీదే ఉంటే ఇంట్లోవాళ్లు ఎందుకు సాయం చేయలేకపోతున్నారో వాళ్లకి కనిపించదు, మీకు కనిపిస్తుంది. ఇందులో చోటు దొరక్కపోతే షాక్ (SHAC) గురించి అడగండి, అది హెల్త్ పాఠాల మీద సలహా ఇచ్చే మండలి. మీ రాష్ట్ర చట్టం ప్రకారం ప్రతి డిస్ట్రిక్ట్‌లోనూ ఉండాలి, సభ్యుల్లో సగానికి మించి డిస్ట్రిక్ట్ ఉద్యోగులు కాని తల్లిదండ్రులే కావాలి, ఏడాదికి కనీసం 4 సార్లు కలవాలి.

మా దగ్గర 8వ తరగతిలో ఆల్జీబ్రా తీసేస్తారని వాట్సాప్ గ్రూపులో ఒకటే గోల. మా అబ్బాయికి ఇప్పటికే మ్యాథ్ క్లాసు బోర్ కొడుతోంది. అందరం కలిసి ఒకే మెయిల్ పంపిద్దామనుకుంటున్నాం, పనిచేస్తుందా? – ఒక తండ్రి, కాలిఫోర్నియా

ముందు అది పుకారో ప్రతిపాదనో చూసుకోండి, బోర్డు అజెండాలో ఉందా? మీ రాష్ట్రంలో బ్రౌన్ యాక్ట్ అనే బహిరంగ సమావేశాల చట్టం ప్రకారం రెగ్యులర్ మీటింగ్ అజెండా 72 గంటల ముందే బయట పెట్టాలి. బోర్డు తీర్మానం చేసి వేసిన సలహా కమిటీలకీ మామూలుగా ఈ చట్టం వర్తిస్తుంది.

మీ భయానికి కారణం ఉంది, కాదనను. శాన్‌ఫ్రాన్సిస్కోలో 2014లో ఆల్జీబ్రాని 8వ తరగతి నుంచి 9వ తరగతికి జరిపారు. తిరిగి తేవాలని బోర్డు ఓటేసింది 2024 ఫిబ్రవరిలో. ఆ మార్చిలో ప్రపోజిషన్ జీ పేరుతో ఊరి ఓటర్లు కూడా భారీ మెజారిటీతో అదే అడిగారు, అదీ సలహా ఓటే తప్ప డిస్ట్రిక్ట్‌ని కట్టిపడేసేది కాదు. మధ్యలో పదేళ్లు! మొదటి బ్యాచ్ పిల్లలు కాలేజీ చదువులు కూడా దాటేసే వయసుకొచ్చారు.

అయితే ఒకే మెయిల్‌ని మూడొందల మంది పంపితే దాన్ని ఒక్క మెయిల్‌గానే లెక్కేస్తారు. అక్కడ ఆ మార్పు ఎందుకు చేశారో చూడండి: చిన్నప్పుడే పిల్లల్ని పై గ్రూపు, కింది గ్రూపు అని విడదీస్తుంటే కొన్ని వర్గాల పిల్లలు ఎప్పుడూ కిందే ఉండిపోతున్నారన్నది వాదన. ఆ వాదనకి జవాబు లేకుండా "మావాడికి బోర్" అంటే మీ మాట అక్కడే తేలిపోతుంది. దాని బదులు డేటా అడగండి. ఆల్జీబ్రాలోకి ఎవర్ని ఏ పరీక్ష మీద తీసుకుంటున్నారు, ఏ స్కూల్ నుంచి ఎంతమంది వస్తున్నారు, చేరాక ఎంతమంది నిలుస్తున్నారు? కోర్సు తీసేయకుండా, 6వ తరగతిలోనే వెనకబడ్డవాళ్లకి అదనపు సాయం పెట్టి ఆ తలుపు ఇంకాస్త వెడల్పు చేయమనండి. మీ పక్కన మన భాష కాని ఇద్దరు తల్లిదండ్రులు నిలబడితే ఆ మాట బరువే వేరు. ఇంకోటి కూడా చెప్పాలి, ఏమనుకోకండి: చదవడం, సైన్స్ ల్యాబ్, సంగీతం మీద చర్చ నడుస్తున్నప్పుడు ఫోన్ చూసుకుంటూ మ్యాథ్ రాగానే తలెత్తే సభ్యుణ్ని మిగతావాళ్లు ఇట్టే పసిగడతారు.

మేం హెచ్-1బీ మీద ఉన్నాం, ఓటు లేదు. మా మాట ఎవరు వింటారు? – న్యూజెర్సీ

బోర్డు మీటింగులో మాట్లాడటానికి పౌరసత్వం అడగరు, సలహా కమిటీలకీ సాధారణంగా ఆ డిస్ట్రిక్ట్‌లో ఉంటే చాలు. బోర్డు ఎన్నికల్లో ఓటు సంగతి వేరు. పౌరులు కాని తల్లిదండ్రులకి శాన్‌ఫ్రాన్సిస్కోలో 2016లో ఆ హక్కు ఇచ్చారు, అలాంటి ఊళ్లు చాలా తక్కువ. ఏ కార్యక్రమంలోనైనా ఎవరైనా ఓటరు ఫారం చేతికిస్తే మొహమాటానికి సంతకం పెట్టొద్దు, ఇమిగ్రేషన్‌లో చాలా పెద్ద చిక్కు వస్తుంది.

మా పిల్లలు కాలేజీలకి వెళ్లిపోయారు, నేను రిటైర్ అయ్యాను. నాకు చోటుంటుందా? – వర్జీనియా

ఉంటుంది, చాలా కమిటీల్లో కమ్యూనిటీ సభ్యులకి కొన్ని సీట్లు పెడతారు. సొంత పిల్లల గ్రేడ్ల టెన్షన్ లేనివాళ్లు ఆ గదిలో ఒకరిద్దరైనా ఉండాలని నా అభిప్రాయం.

పాప ఇంగ్లిష్ బాగానే మాట్లాడుతుంది, ఇంట్లో తెలుగు అని ఫారంలో రాసినందుకు పరీక్ష పెట్టి ఇంగ్లిష్ లెర్నర్, అంటే ఇంకా ఇంగ్లిష్ నేర్చుకుంటున్న పిల్ల అన్నారు. ఇప్పుడు నన్ను డీలాక్‌లో, అంటే అలాంటి పిల్లల చదువు మీద డిస్ట్రిక్ట్‌కి సలహా ఇచ్చే తల్లిదండ్రుల కమిటీలో వేశారు. అక్కడ అన్నీ పొడి అక్షరాలే, నా ఇంగ్లిష్‌తో నోరు తెరవాలంటే బిడియం. – ఒక అమ్మ, కాలిఫోర్నియా

ఆ ఫారం హోమ్ లాంగ్వేజ్ సర్వే, పరీక్ష పేరు ఎల్‌ప్యాక్. నిజం రాసినందుకు బాధపడకండి, ఆ ముద్ర ఎప్పుడు ఎలా పోతుందో అడగాల్సిన చోటే మీకు దొరికింది. ఇంగ్లిష్ లెర్నర్లు కనీసం 21 మంది ఉన్న స్కూల్లో ఈలాక్ అనే స్కూల్ స్థాయి కమిటీ, కనీసం 51 మంది ఉన్న డిస్ట్రిక్ట్‌లో డీలాక్ ఉండి తీరాలి. ఆ పిల్లల పాఠాల మీద, ఆ ముద్ర తీసేసే పద్ధతి మీద సలహా ఇవ్వడం డీలాక్ పనుల్లోదే.

పొడి అక్షరాలు రాగానే చేయెత్తి అర్థం అడగండి, పక్కవాళ్లకీ తెలిసి ఉండదు, మీరు అడిగితే హాయిగా ఊపిరి పీల్చుకుంటారు. మాట్లాడటం ఇబ్బందైతే రాసి ఇవ్వండి. మీ డీలాక్ ఎల్‌క్యాప్‌ని, అంటే డిస్ట్రిక్ట్ డబ్బు ఏ లక్ష్యాలకి పోతుందో చెప్పే ప్లాన్‌ని కూడా చూస్తున్నట్లయితే, దాని మీద కమిటీ ఇచ్చిన వ్యాఖ్యలకి డిస్ట్రిక్ట్ పెద్ద అయిన సూపరింటెండెంట్ రాతలోనే జవాబివ్వాలి. మీ మాటని ఆ కమిటీ వ్యాఖ్యల్లో చేర్పించండి, జవాబు వచ్చాక తర్వాతి మీటింగ్‌కి ఆ కాగితం పట్టుకెళ్లండి.