వేలంలో కారుకి ముందే 25 వేలు వేయమంటున్నారు – సమాధానం

బ్యాంకు వేలంలో కారు కోసం ముందే 25 వేలు ఒక ఫోన్ నంబరుకి వేయమని వాట్సాప్‌లో వచ్చిందన్నారు కదా, అది దాదాపు ఖాయంగా మోసమేనండీ. బ్యాంకు వేలంలో ఈఎమ్‌డీ (పాల్గొనడానికి ముందు కట్టే డిపాజిట్టు) కట్టేది నోటీసులో రాసిన ఖాతాకి, మీకు వాట్సాప్‌లో వచ్చినట్టు ఎవరో మనిషి పేరున్న ఫోన్ నంబరుకి కాదు.

1. బ్యాంకు బ్రాంచి నంబరు మీరే వెతికి ఫోన్ చేసి, వేలం ఉందో లేదో అడగండి.

2. అందరూ వదిలేసేది ఇదే: బండి చూడటం. దారిలో ట్రాఫిక్‌కి భయపడి ఫొటోలతో సరిపెట్టుకోకండి, ఒక పూట సెలవు పెట్టి, వేలం బండ్లు ఉంచే యార్డుకి వెళ్లి, ఛాసిస్ నంబరు మీద మసి గుడ్డతో తుడిచి, ఆర్‌సీతో ఒక్కో అంకె కలిపి చూడండి. చూడనివ్వకపోతే అక్కడితో వదిలేయండి, ఎంత చవకైనా సరే.

3. రవాణా శాఖ వెబ్‌సైట్ పరివాహన్‌లో ఆ బండి మీద లోన్ ఏ బ్యాంకుదో చూడండి.

4. గెలిస్తే అమ్మకం ఖరారు పత్రం తప్పకుండా తీసుకోండి, బండి మీ పేరున మార్చుకోవడానికి ఆర్‌టీవోలో ఫారం 32తో పాటు అది ఇవ్వాలి.

డబ్బు ఇప్పటికే పంపేసుంటే ఇదంతా పక్కనపెట్టి ముందు సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.