పన్నీరు కోసం బట్టీ బిగిస్తే కేసవుతుందా?

ప్రశ్న: మాది కడియం దగ్గర పల్లెటూరు. 20 లీటర్ల ఎలక్ట్రిక్ బాయిలర్ కొన్నాను. దాని స్టీలు మూతకు కన్నం వేయించి, రాగి గొట్టంతో నేనే చేసుకున్న చిన్న బట్టీ బిగించి గులాబీ పన్నీరు తీద్దామని ఆలోచన. ఆక్లాండ్‌లో ఉన్న మా బావ ఇలాంటి దానితోనే ఇంట్లో మందు కూడా చేసుకుంటాడు, అక్కడ నేరం కాదట. అమ్మకుండా మా ఇంటి వరకే వాడుకుంటే ఇక్కడ మాత్రం ఏం ఇబ్బంది? బాయిలర్‌కు వేరే లైసెన్సు కావాలా? ఫొటో పంపుతున్నాను. పేరు వేయకండి.

జవాబు: మూతకు కన్నం వేయించడం నేరం కాదు. దానికి రాగి గొట్టం బిగించడమూ నేరం కాదు. అయితే మీరు పంపిన ఫొటోలో బాయిలర్ వెనక, గోడ మూలన, నోటికి గుడ్డ కట్టిన నీలం డ్రమ్ము ఒకటి కనిపిస్తోంది. దాని పక్కన బెల్లం దిమ్మలు. గులాబీ రేకులకు బెల్లంతో ఏం పనో నాకైతే తెలియదు. ఎక్సైజు ఎస్సై మాత్రం ఆ ఫొటోలో ముందు బాయిలర్‌ని చూడడు, డ్రమ్మునే చూస్తాడు. అందుకే కాస్త విడమరిచి రాస్తున్నాను.

మీకు వర్తించేది 1968 నాటి ఆంధ్రప్రదేశ్ ఎక్సైజు చట్టం. రాష్ట్రం విడిపోయాక తెలంగాణ కూడా దాన్నే తన పేరు మీదకు మార్చుకుంది. అందులో సెక్షన్ 13 ప్రకారం లైసెన్సు లేకుండా మత్తు పానీయం తయారు చేయకూడదు. అంతటితో ఆగలేదు. కల్లు కాక మరే మత్తు పానీయమైనా తయారు చేసే ఉద్దేశంతో ముడిసరుకు గానీ, బట్టీ గానీ, పాత్ర గానీ, పరికరం గానీ దగ్గర ఉంచుకోకూడదు అంటుంది. శిక్ష సెక్షన్ 34లో ఉంది, జైలూ జరిమానా రెండూ. ఎంతకాలం, ఎంత డబ్బు అన్నది రెండు రాష్ట్రాల్లోనూ ఇవాళ అమల్లో ఉన్న ప్రతి చూసి చెప్పాల్సిన మాట.

మీ కేసంతా ఆ 'ఉద్దేశంతో' అన్న ఒక్క మాట మీద నిలబడుతుంది. గులాబీ రేకులు, నీళ్లు, బాయిలర్ మాత్రమే ఉంటే అది పన్నీరు బట్టీ. అదే బాయిలర్ పక్కన పులిసిన బెల్లం ఊట ఉంటే సారా బట్టీ. సామాను అదే, చట్టం దృష్టిలో పేరు మారిపోతుంది. 'ఇంకా చుక్క కూడా దించలేదండీ' అంటే లాభం లేదు. ఉంచుకోవడమే నేరం అన్నారు కాబట్టి, దించేదాకా ఆగాల్సిన పని వాళ్లకు లేదు. పైగా అలాంటి సామాను మీ దగ్గర దొరికి, అదెందుకుందో మీరు సరైన సంజాయిషీ ఇవ్వలేకపోతే, నేరం చేశారనే అనుకునే వీలు కూడా చట్టంలో ఉంది.

ఇక అమ్మకుండా ఇంటి వరకే వాడుకుంటే అన్నారు. నన్ను అడిగేవాళ్లలో ఎక్కువమంది ఈ మాట మీదే ధైర్యం పెట్టుకుంటారు. మన చట్టంలో ఆ మినహాయింపు లేదు. ఇంట్లో తాగడానికి కాచినా, ఊరంతటికీ అమ్మడానికి కాచినా తయారీ తయారీయే. సారా విషయంలో మన దగ్గర పట్టుదల ఇంకా ఎక్కువ, దానికి కారణం ఉంది. నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు మొదలుపెట్టిన ఉద్యమం రాష్ట్రమంతా పాకి, 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధం వచ్చింది. 1995లో సంపూర్ణ మద్య నిషేధం పెట్టి, 1997లో సడలించారు. బ్రాందీ షాపులు మళ్లీ తెరుచుకున్నాయి గానీ సారాకు తలుపు తీయలేదు. ఇవాళ్టికీ నాటుసారా కేసు రాస్తే, సారాను నిషేధించే 1995 నిషేధ చట్టం సెక్షన్ 7ఎ అందులో మామూలుగా ఉంటుంది.

మీ బావ చెప్పింది అబద్ధం కాదు. న్యూజిలాండ్‌లో 1996 నుంచి సొంత వాడకానికి ఇంట్లో స్పిరిట్ తీసుకోవచ్చు, అమ్మకూడదు. అది ఆ దేశపు చట్టం. మన రాజ్యాంగంలో మద్యం రాష్ట్రాల జాబితాలోది. ఆక్లాండ్ సంగతి అటుంచి, పక్క రాష్ట్రంలో చెల్లింది కూడా కడియంలో చెల్లకపోవచ్చు. ఇంకో మాట. అత్తరు కోసమని స్పిరిట్ కొని దాన్ని ఈ బట్టీలో మళ్లీ దించుదామన్న ఆలోచన ఉంటే మానుకోండి. పారిశ్రామిక ఆల్కహాలు కూడా రాష్ట్రాల అధికారం కిందికే వస్తుందని 2024 అక్టోబరు 23న సుప్రీంకోర్టు తొమ్మిదిమంది జడ్జిల ధర్మాసనం 8-1 మెజారిటీతో తేల్చేసింది.

బాయిలర్ లైసెన్సు గురించి టెన్షన్ పడకండి. బాయిలర్ల చట్టం 25 లీటర్ల లోపు పాత్రలను వదిలేసింది, మీది 20. కాకపోతే రేకులు ముద్దకట్టి గొట్టానికి అడ్డం పడితే ఆవిరి పోయే దారి మూసుకుపోతుంది, అప్పుడు మూత లేచి మొహం మీదికి వస్తుంది. ఇది లాయరు చెప్పాల్సిన విషయం కాదు, అయినా చెబుతున్నాను.

పన్నీరు అమ్మాలనుకుంటే దారి వేరు. ఒంటికి రాసుకునేదిగా అమ్మితే 2020 నాటి కాస్మెటిక్స్ రూల్స్ కింద తయారీ లైసెన్సు తీసుకోవాలి. మిఠాయిల్లో కలిపేదిగా అమ్మితే ఫుడ్ సేఫ్టీ వాళ్ల దగ్గర రిజిస్ట్రేషనో లైసెన్సో కావాలి. ఇంటి కరెంటు మీటరు మీద వ్యాపారం నడిపితే విద్యుత్ చట్టం సెక్షన్ 126 కింద రెట్టింపు టారిఫ్‌తో బిల్లు వేయొచ్చు.

ఎక్సైజు వాళ్లు ఇంటికి వస్తే వాదన పెట్టుకోకండి, అడ్డుపడకండి. పంచనామా, అంటే సోదాలో ఏం దొరికిందో రాసే కాగితం, రాస్తారు, సాక్షులుగా నిలబెట్టిన మధ్యవర్తులతో సంతకాలు పెట్టిస్తారు. సోదాను వీడియో తీయాలని పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత సెక్షన్ 105 చెబుతోంది, తీస్తున్నారా అని మర్యాదగా అడగండి. రాసింది చదవకుండా సంతకం పెట్టకండి. మధ్యవర్తులు కోర్టులో ఎదురుతిరిగితే కేసు పోతుందిలే అని ధైర్యం చెప్పేవాళ్లు ఊళ్లో ఉంటారు. పోవచ్చు. ఈలోగా ఏళ్ల తరబడి వాయిదాలకు తిరిగేది మీరు, వాళ్లు కాదు.

ఆ డ్రమ్ములో ఏముందో మాత్రం నాకు ఉత్తరంలో రాయకండి. దగ్గర్లో ఉన్న వకీలు దగ్గరికి వెళ్లి నోటితో చెప్పండి. నిజంగా పన్నీరు కోసమే అయితే పూల మార్కెట్లో రేకులు కొన్న ప్రతిసారీ చీటీ రాయించుకుని, తేదీల వారీగా ఒక ఫైల్లో పెట్టుకోండి. బెల్లం వంటింట్లో పెట్టండి.