టీచరమ్మ జవాబులు: ఇలాంటి పిల్లలకు వేరే బడి ఉందా?

ప్రశ్న: మా అబ్బాయికి పదిహేడో ఏడు నడుస్తోంది. పదో తరగతిలో మంచి మార్కులే వచ్చాయి. నిరుడు ఇంటర్‌కి హాస్టల్లో చేర్పించాం. గంజాయి తాగుతున్నాడని ఫిబ్రవరిలో ఇంటికి పంపేశారు, పరీక్షలు రాయలేదు. వాళ్ళ నాన్న మామిడి గుజ్జు ఫ్యాక్టరీకి లారీ తోలుతారు. పొరుగు రాష్ట్రంలో ఏదో కేంద్రం ఉందట, ఆరు నెలలు ఇంట్లోవాళ్ళెవరూ చూడటానికి రాకూడదట, అక్కడ వదిలేస్తానంటున్నారు. తిరుమలలో గుండు చేయిస్తే చాలని మా అత్తగారు. ఇలాంటి పిల్లలకు ప్రత్యేకంగా బడి ఏదైనా ఉందా? పోలీసు కేసవుతుందేమోనని కూడా భయంగా ఉంది.
- ఒక తల్లి, చిత్తూరు

జవాబు: అమ్మా, మీరు అడుగుతున్న లాంటి బడులు అమెరికాలో ఉన్నాయి. 1979లోనే మేరీల్యాండ్ రాష్ట్రంలోని మాంట్‌గోమరీ కౌంటీలో అలాంటిది ఒకటి మొదలైంది. మత్తు మానుకుంటున్న పిల్లలు అక్కడ మామూలు పాఠాలే చదువుతారు, వాటితోపాటు కౌన్సెలింగ్ ఉంటుంది. మన దగ్గర దాని కోసం తిరిగి కాలం పోగొట్టుకోకండి. మదనపల్లె దగ్గరి రిషి వ్యాలీ పేరు మీకు ఎవరో ఒకరు చెప్పే ఉంటారు. జిడ్డు కృష్ణమూర్తి పెట్టిన ఆ బడి మంచిదే, కానీ అది వైద్యశాల కాదు. మనం చేయగలిగిందల్లా వైద్యం ఒక చోట, చదువు ఒక చోట కుదుర్చుకోవడం.

వైద్యం ముందు. తిరుపతి రుయా ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది, అక్కడికి తీసుకువెళ్ళండి. బయలుదేరే ముందు ఎవరితోనైనా మాట్లాడాలనిపిస్తే మత్తు మానుకోవడానికి సాయపడే 14446కు గానీ, మానసిక ఆరోగ్య సలహాలిచ్చే టెలి మానస్ 14416కు గానీ ఫోను చేయండి, డబ్బు పడదు. కేసు భయం పెట్టుకోకండి. వాడుతున్న మనిషి తనంతట తానే ప్రభుత్వ ఆసుపత్రిలోనో, ప్రభుత్వం గుర్తించిన చోటో వైద్యానికి వచ్చి పూర్తి చేసుకుంటే, వాడినందుకు శిక్ష లేకుండా 1985 నాటి మాదకద్రవ్యాల చట్టంలోనే 64ఏ సెక్షను ఉంది.

మానేసిన మొదటి రెండు వారాలు ఇంట్లో అందరికీ కష్టకాలం. నిద్ర పట్టదు, అన్నం సయించదు, మాట్లాడిస్తే కసురుకుంటాడు. దాన్ని పొగరు కింద లెక్కకట్టి చేయి చేసుకోవద్దని మీ ఆయనకు ముందే చెప్పండి. ఇంకొక్క మాట. చాలాకాలం గంజాయి తాగినవాళ్ళకు మానేశాక కూడా కొన్ని వారాల పాటు మూత్ర పరీక్షలో కనబడుతూనే ఉంటుంది. కాగితం చూసి "అబద్ధాలకోరు" అనేశారంటే, పిల్లవాడు మళ్ళీ మీకు నిజం చెప్పడు.

ఆ ఆరు నెలల కేంద్రం సంగతి వింటే నాకు ఒళ్ళు మండింది. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2017లో వచ్చింది. పద్దెనిమిది నిండని పిల్లలను చేర్చుకుంటే పెద్దవాళ్ళతో కలపకుండా వేరుగా ఉంచాలి, ఇంటివాళ్ళు గానీ వాళ్ళు కుదిర్చిన మనిషి గానీ ఉన్నన్నాళ్ళూ పక్కనే ఉండాలి అంటుంది ఆ చట్టం. తల్లిని గడప తొక్కనివ్వని చోటికి బిడ్డను ఎలా పంపుతారు?

ఇక చదువు. ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విద్యాపీఠం, అదే మనం ఓపెన్ స్కూల్ అంటామే, అందులో ఇంటర్ ఉంది. అన్ని సబ్జెక్టులూ ఒకేసారి రాయాలని లేదు. పాసైనవి అలాగే ఉంటాయి, తక్కినవి తర్వాత రాసుకోవచ్చు. ఈ ఏడు రెండే రాయనివ్వండి. నేను రిటైరయ్యే ముందు మా ఉన్నత పాఠశాలలోనే స్టడీ సెంటర్ నడిచేది. క్లాసులు సెలవు రోజుల్లోనే. తాపీ పనికి పోయేవాళ్ళు, చంకలో బిడ్డతో వచ్చే ఆడవాళ్ళు, చీరల కొట్టు గుమాస్తాలు, అందరూ ఒకే బెంచీల మీద. ర్యాంకుల గోల లేదు. హాస్టల్ గుంపు కంటే మీవాడికి ఆ సావాసం నయం.

కానీ దీనితో ఒక చిక్కుంది. వారమంతా ఖాళీ. మధ్యాహ్నం పూట పని లేని కుర్రాడిని పాత స్నేహితులు వెతుక్కుంటూ వస్తారు. అందుకని ఏదైనా చేతిపనిలో పెట్టండి. యంత్రాల మీద ఇష్టముంటే పదో తరగతితోనే ఐటీఐలో ఎలక్ట్రీషియన్ చేయవచ్చు, రెండేళ్ళు. అప్పుడు ఇంటర్ సంగతి తర్వాతైనా చూసుకోవచ్చు. మళ్ళీ హాస్టల్ మాత్రం ఇప్పట్లో వద్దు.

మీ అత్తగారిని కాదనకండి. అలిపిరి మెట్లెక్కి మనవడితో పాటు ఆవిడా రావాలని చెప్పండి. గుండు ఆసుపత్రికి అడ్డు కాదు.

ప్రశ్న: కాలేజీ దగ్గర ఒక అన్న మొదట్లో ఊరికే సిగరెట్లలో గంజాయి ఇచ్చేవాడు. ఇప్పుడు పొట్లాలు అందించమంటున్నాడు, కాదంటే ఇంట్లో చెప్పేస్తానంటున్నాడు.
- పేరు వద్దు, 16 ఏళ్ళు, తిరుపతి

జవాబు: వాడికంటే ముందు నువ్వే చెప్పేయి నాయనా, ఈ రాత్రికే. నిన్ను బెదిరించడానికి వాడి దగ్గరున్నది అదొక్కటే. నాన్నతో నోరు పెగలకపోతే మేనమామకు చెప్పు, నమ్మకమున్న మాస్టారికి చెప్పు, ఎవరూ లేరనిపిస్తే పిల్లల సహాయ నంబరు 1098కి ఫోను చెయ్యి. పిల్లలకు మత్తు ఇచ్చినా, పిల్లల చేత మోయించినా ఏడేళ్ళ వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా అని 2015 నాటి బాల న్యాయ చట్టం చెబుతోంది. భయపడవలసింది వాడు. పొట్లం మాత్రం ఒక్కసారి కూడా ముట్టుకోకు. వాడి సంగతి మత్తుమందులను అరికట్టే పోలీసుల ఈగల్ విభాగానికి, 1972 నంబరుకు, ఇంట్లో పెద్దవాళ్ళ చేత చెప్పించు.