రెండు జవాబుల్లో ఏది ఉంచుకోవాలి?

ప్రశ్న: +4 మైక్రోకూలుంబుల ఆవేశానికి 30 సెం.మీ. దూరంలో –1 మైక్రోకూలుంబు ఆవేశం ఉంది. విద్యుత్ క్షేత్రం సున్నా అయ్యే చోటు కోసం సమీకరణం సాధిస్తే, పెద్ద ఆవేశం నుంచి 20, 60 సెం.మీ. అని రెండు విలువలు వచ్చాయి. ఏది సరైనది?
– ఇంటర్ విద్యార్థిని, తెనాలి

జవాబు: 60 ఉంచుకుని 20 కొట్టివేయమ్మా. నీ లెక్కలో తప్పు లేదు. సమీకరణానికి దిక్కులు తెలియవు; రెండు క్షేత్రాల పరిమాణాలు సమానమయ్యే ప్రతి చోటునూ అది చెప్పేస్తుంది. 20 దగ్గర ఒక చిన్న ధనావేశం పెట్టినట్టు ఊహించు. పెద్దది దాన్ని నెడుతుంది, రుణావేశం అటువైపే లాగుతుంది. రెండూ కలిసి కూలుంబుకు 18 లక్షల న్యూటన్లు! ఇక సున్నా ఎక్కడిది?

60 దగ్గర, అంటే చిన్న ఆవేశాన్ని దాటి మరో 30 సెం.మీ. వెళ్లాక, ఒకటి నెడితే రెండోది వెనక్కి లాగుతుంది. పెద్దది 4 రెట్లు, దాని దూరం రెట్టింపు. వర్గం చేస్తే చెల్లుకు చెల్లు. పెద్ద ఆవేశానికి అవతలి పక్క వెతకనవసరం లేదు, అక్కడ ఎప్పుడూ దానిదే పైచేయి. నా తరగతిలో ముందు బాణాలు గీయించేదాన్ని, సూత్రం ఆ తర్వాతే. గొణిగేవారు, గీసేవారు.

ఇంకో మాట: 60 దగ్గర పొటెన్షియల్ (కూలుంబు ఆవేశానికి ఉండే స్థితిశక్తి) సున్నా కాదు, 30,000 వోల్టులు. ఈ మెలిక పెట్టడమంటే ప్రశ్నపత్రాలు తయారుచేసేవారికి మహా సరదా.