అడుగు – జవాబు: నైకీ మోజు తగ్గిందా?

ప్రశ్న: రెండు మూడేళ్ల కిందట నైకీ డంక్ వేసుకొస్తే కాలేజీలో అందరూ కాళ్లకేసి చూసేవారు. ఇప్పుడెవరికీ పట్టట్లేదు. నైకీ పని అయిపోయినట్టేనా? – గుంటూరు

జవాబు: డంక్ పని చాలావరకు అయిపోయింది, నైకీ పని కాలేదు. 1985లో కాలేజీ బాస్కెట్‌బాల్ జట్ల రంగులతో వచ్చిన జోడు అది. మళ్లీ గిరాకీ పెరిగినప్పుడు దాని విలువంతా దొరక్కపోవడంలోనే ఉండేది. 2021 నాటి నలుపు తెలుపు ‘పాండా’ని అయిపోయినప్పుడల్లా కంపెనీ మళ్లీ దింపింది. వీధికి పది జతలయ్యాక ఇంకెవరు చూస్తారు? కొని ఎక్కువ రేటుకు మళ్లీ అమ్మే రీసేల్ లాభమూ ఆవిరైంది.

అంతకన్నా పెద్ద తప్పు దుకాణాల్లో జరిగింది. సొంత యాప్, సొంత షోరూములు చాలనుకుని నైకీ చాలా షాపులకు సరుకు ఆపేసింది. పరిగెత్తేవాళ్లు షూ కొనేటప్పుడు మూడు నాలుగు జతలు తొడిగి, నాలుగడుగులు వేసి చూస్తారు. ఆ అరలో నైకీ లేకపోతే హోకా, ఆన్ లాంటి వేరే కంపెనీల జత పట్టుకుపోతారు. అలా పోయినవాళ్లను వెనక్కి రప్పించడం కష్టం. 2024 జూన్ 28న ఒక్కరోజే షేరు సుమారు 20 శాతం పడింది. 2024 మేతో ముగిసిన ఏడాదికి 5,140 కోట్ల డాలర్లున్న అమ్మకాలు మరుసటి ఏడాదికి 4,630 కోట్లకు దిగాయి. 2024 అక్టోబర్‌లో పగ్గాలు అందుకున్న ఎలియట్ హిల్ ఇంటర్న్‌గా చేరి ఎదిగిన మనిషి. డంక్, ఎయిర్ ఫోర్స్ 1 అనే మరో పాత మోడల్ సరఫరా తగ్గించి, దుకాణాలతో మళ్లీ రాజీకొచ్చారు. మందు సరైనదే, గుణం కనిపించడానికే టైం పడుతుంది. ఆటలో మాత్రం పట్టు సడలలేదు: 2023లో షికాగో మారథాన్‌ని 2:00:35కి ముగించి అప్పట్లో ప్రపంచ రికార్డు పెట్టిన కెల్విన్ కిప్టమ్ కాళ్లకున్నవి నైకీవే.

ప్రశ్న: డిస్కౌంట్‌లో నైకీ వాళ్ల జోర్డాన్ 4 కొని పెట్టెలోనే దాచితే తర్వాత రేటొస్తుందా? – విశాఖపట్నం

జవాబు: దాచకండి, తొడగండి. దాని మిడ్‌సోల్, అంటే కింది అట్టకీ పాదానికీ మధ్య ఉండే మెత్తటి పొర, పాలియురేథేన్ అనే నురుగు. గాలిలోని తేమ తగిలి లోపల్లోపలే విరిగిపోతుంది. వేసుకోకపోయినా పదేళ్లు దాటాక పొడిరాలడం మామూలే, సముద్రపు గాలి తగిలే ఊళ్లో ఇంకా ముందే. నడిస్తే ఆ నురుగు నొక్కుకుని కొంత తేమ బయటికి పోతుంది కాబట్టి, పదిహేను రోజులకోసారి వేసినా మేలు. అటక మీది వేడి అసలు పనికిరాదు. పాత జత కొనేముందు మడమ దగ్గర బొటనవేలితో గట్టిగా నొక్కండి. రంగు పెచ్చులు లేచినా, పొడి అంటినా వదిలేయండి. జిగురు పెట్టినా నిలవదు, సోల్ మొత్తం మార్చాల్సిందే. జోర్డాన్ 1ది రబ్బరు కప్పు సోల్, దానికి ఈ బెడద తక్కువ.

ప్రశ్న: నకిలీని పట్టేదెలా? – వరంగల్

జవాబు: షూ లోపలి లేబుల్ మీద అక్షరాలూ అంకెలూ కలిపి ఆరు, తర్వాత గీత, మూడంకెలుగా ఒక కోడ్ ఉంటుంది. పెట్టె మీద కూడా అదే ఉండాలి. దాన్ని నెట్‌లో కొడితే మీ చేతిలో ఉన్న మోడలూ, రంగే రావాలి. వేరే షూ వస్తే నకిలీ. సరిపోయినా అసలుదని కాదు, కోడ్ కూడా కాపీ కొడతారు. బిల్లు అడగండి.