హవాయి దీవి బరువుకు సముద్రపు అడుగు కుంగుతుందా?

కుంగుతుంది. "అంత గట్టి రాయి ఎలా వంగుతుంది?" అని మీరు అడిగారు. ఆ వంగడం మా వంటింటి దాకా వచ్చిన రోజు ఒకటుంది, ముందు అది చెబుతాను.

2006 అక్టోబరు 15, ఆదివారం. ఉద్యోగరీత్యా అప్పుడు హవాయి పెద్ద దీవిలో వైమియా అనే ఊళ్లో ఉండేవాళ్లం. ఉదయం ఏడు దాటి ఏడు నిమిషాలు. నేను పెనం మీద అట్టు తిరగేస్తున్నాను. నేల కింద నుంచి బరువైన మోత, వెంటనే కుదుపు. గూట్లో బోర్లించిన స్టీలు గ్లాసులు ఒకదాన్నొకటి తోసుకుంటూ అంచు దాకా జరిగి ఒక్కొక్కటే కింద పడ్డాయి. మాగాయ సీసా భళ్లున పగిలి నూనె గచ్చంతా పాకింది. మా ఆవిడ పాపను చంకనేసుకుని "పొయ్యి కట్టేసి బయటికి రండి!" అని అరిచింది. పెరట్లో నిలబడి ఊపిరి కూడదీసుకుంటుండగానే, ఆరేడు నిమిషాలకు రెండోది వచ్చింది. మొదటి భూకంపం తీవ్రత 6.7, రెండోదాని తీవ్రత 6.0. కరెంటు పోయింది. చాలా ఇళ్లు దెబ్బతిన్నాయి, ప్రాణాలు మాత్రం పోలేదు.

మరునాడు ఫోను కలిసేసరికి నాన్న కంగారుగా, "అగ్నిపర్వతం పేలిందటగా? టీవీలో ఎర్రటి లావా చూపిస్తున్నారు" అన్నారు. నాకు ఒళ్లు మండింది. హవాయి పేరు వినగానే లావా బొమ్మ వేసేస్తారు. ఆ భూకంపం పుట్టింది 39 కిలోమీటర్ల లోతున! సముద్రం కింది పైపొర మందం ఆరేడు కిలోమీటర్లే. అంటే ఆ పొరనూ దాటి, దాంతోపాటు ఒక్క పలకగా వంగే గట్టి రాతిలో ఎక్కడో తెగింది. తెంపింది లావా కాదు, దీవి బరువు.

నాన్నకు అరటి బోదెల తెప్పను గుర్తుచేశాను. 1986 గోదావరి వరదల్లో మా వీధి వాళ్లు కట్టుకున్నదే. మధ్యలో బియ్యం బస్తాలు వేస్తే నడుమ నీళ్లలోకి దిగుతుంది, అంచులు కాస్త పైకి లేస్తాయి. నడుమ దిగినప్పుడు పైన బోదెలు ఒకదాన్నొకటి నొక్కుకుంటాయి, అడుగున కట్టిన తాళ్లు సాగుతాయి. బరువు మరీ ఎక్కువైతే ముందు తెగేది అడుగు తాడే. "ఆ రోజు తెగింది అదే నాన్నా" అన్నాను. ఆయన వెంటనే అందుకున్నారు.

హవాయి చుట్టూ సముద్రపు అడుగు సరిగ్గా ఆ తెప్పలాగే ఉంది. దీవుల పక్కనే కందకంలాంటి పల్లం, దాని అవతల కొన్ని వందల కిలోమీటర్ల దూరంలో సముద్రపు నేల మెల్లగా ఉబ్బి ఉంటుంది. నడుమ ఎంత దిగిందో వింటే గుండె ఝల్లుమంటుంది. పెద్ద దీవిలోని అగ్నిపర్వతం మౌనా లోవా శిఖరం సముద్రం పైకి కనబడేది 4,169 మీటర్లే. నీళ్ల కింద సముద్రపు నేల దాకా మరో 5 కిలోమీటర్లు ఉంది. దాని కింద సముద్రపు నేల మరో 8 కిలోమీటర్లు కుంగింది. కూరుకుపోయిన అడుగు నుంచి కొలిస్తే ఆ కొండ ఎత్తు దాదాపు 17 కిలోమీటర్లు. క్విజ్‌ పోటీల్లో ఎత్తైన కొండ ఏదని అడిగి ఎవరెస్టు అనగానే చప్పట్లు కొట్టే వాళ్లకు ఇది ఒక్కసారి చెప్పాలని ఎప్పటి నుంచో ఉంది.

నా అసలు బాధ పాఠ్యపుస్తకాలతో. నేను చదివిన ప్రతి పుస్తకంలోనూ హవాయి బొమ్మ ఒకటే: అడ్డంగా ఒక సరళరేఖ, కింద మంట, పైన వరసగా దీవులు. ఆ గీత దీవుల కింద ఎక్కడా వంగదు! కొండకు బరువుంటుందని చిత్రకారుడికి తోచలేదు, పాఠం రాసిన వారికీ తోచలేదు. పిల్లలు వేడిని చూస్తారు, బరువును చూడరు. లావా ఎలా వచ్చిందో తెలిసిన పిల్లవాడికి ఆ లావా తర్వాత ఏమైందో తెలియకపోతే సగం పాఠమే చెప్పినట్టు.

ఆ తర్వాత జరిగేది, అంటే ఈ కుంగడం, నేటికీ జరుగుతూనే ఉంది. పెద్ద దీవిలోని హీలో రేవులో నీటిమట్టం ఏటా సుమారు 3 మిల్లీమీటర్లు పెరుగుతుంటే, మరో దీవి ఓహులో ఉన్న హొనొలులులో దాదాపు అందులో సగమే. రెండూ ఒకే సముద్రం. హీలో వైపు నేల దిగుతోంది కాబట్టే ఆ తేడా. ఆ సంగతి ఎత్తకుండా రెండు లెక్కలూ పక్కపక్కన వేస్తే చదివేవారికి ఏం బోధపడుతుంది?

1999లో హీలోలో శాస్త్రజ్ఞులు 3 కిలోమీటర్ల లోతు దాకా బోరు వేశారు. సముద్రమట్టానికి వెయ్యి మీటర్ల దిగువకు వెళ్లినా వచ్చిన రాయి నీళ్లలో గడ్డకట్టిన లావా కాదు, ఆరుబయట పారి చల్లారిన లావా. అంటే ఒకప్పుడు అది మనిషి నడవగల నేల. వైమియా నుంచి చూస్తే కనబడే కోహాలా తీరంలోనూ అదే కథ. ఎండ పడే నీళ్లలో పెరిగిన పగడపు దిబ్బలు ఇప్పుడు కిలోమీటరుకు పైగా లోతున చీకట్లో ఉన్నాయి.